గుండె ఎక్కడుందో తెలియని జంతువు

చుట్ట కాలేంతసేపు

పశువైద్యంలో చేరుతున్న పిల్లలు మా ఇంటికొస్తే మొదట అడిగేది ఏ ఊరు పోస్టింగు మంచిదని. రెండోది, ప్రమోషను ఎన్నేళ్ళకొస్తుందని. ఈ రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. నేను ఎక్కడెక్కడ పనిచేసిందీ సర్వీసు రిజిస్టరులో ఉంది. అది ఈపాటికి ఏ ఆఫీసు బీరువాలోనో చెదలకి మేతై ఉంటుంది, దాని జోలికి పోను. నోరులేని జీవం ముందు నిలబడి, దాని మనిషికి ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నదే ఈ ఉద్యోగం. మిగతాదంతా సిరంజీలు ఉడకబెట్టుకోవడం.

నా మొదటి పైఅధికారి నూజివీడులో పనిచేసిన పెద్ద డాక్టరుగారు. మనిషి చిన్న, గొంతు పెద్ద. పశువు దగ్గరికి వెళ్ళీ వెళ్ళగానే చెయ్యి వెయ్యబోతే మణికట్టు మీద ఫట్టున కొట్టేవారు. తాపీగా చుట్ట వెలిగించి, అది సగం కాలేదాకా పశువుని చూస్తూ నిలబడేవారు, మమ్మల్నీ నిలబెట్టేవారు. రైతులకి ఇది చిరాకు. డాక్టరొచ్చి చుట్ట కాలుస్తున్నాడేంటని గొణిగేవాళ్ళు. నాకూ చిరాకుగానే ఉండేది.

మామిడి కాపు రోజుల్లో జి. కొండూరు వైపు ఒక తోట నుంచి కబురొచ్చింది. ఎద్దు మేత ముట్టడం లేదు, కడుపు ఉబ్బిపోయింది. నేను చూసీ చూడగానే "అజీర్తండీ" అన్నాను. మాకంటే ముందొచ్చిన మంత్రగాడు దిష్టి అని తేల్చి వెళ్ళాడట. పెద్ద డాక్టరుగారు మా ఇద్దరి మాటా పట్టించుకోకుండా చుట్ట వెలిగించారు. ఎద్దు మెడ ముందుకు చాపి నిలబడి ఉంది. నోట్లోంచి సొంగ తీగలాగా కారుతోంది. నీళ్ళు పెట్టిస్తే ముక్కులోంచి తిరిగొచ్చాయి. అప్పుడాయన చుట్ట పారేసి, మెడ కింద వేళ్ళతో తడిమారు.

"ఈ చెట్టు కింద రాలేది ఏం కాయయ్యా?"

"పెద్దరసాలండీ" అన్నాడు రైతు.

"అయితే టెంక మింగింది. పట్టుకోండి."

నోట్లో కర్ర అడ్డం పెట్టించి, బయటినుంచి నన్ను పైకి నెట్టమని, భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి టెంక లాగేశారు. ఎద్దు పెద్దగా త్రేన్చింది. రైతు దాని మెడ కావలించుకుని ఏడ్చేశాడు. తిరుగు బస్సులో ఆయన నాతో అన్న మాట ఇది.

"చూసింది ముందు చెప్పు. అనుకుంది తర్వాత చెప్పు. రెండూ లేకపోతే తెలియదని చెప్పు. మూడూ కలిపి వాయించేవాణ్ణి సోదె చెప్పేవాడంటారు, డాక్టరనరు."

ఈ మాట నేను ఎద్దుల దగ్గరా గేదెల దగ్గరా పాటించాను. అది అసలు పనికొచ్చింది మాత్రం ఈ భూమ్మీద లేని జంతువుల దగ్గర. నవ్వకండి, చెబుతాను.

జంక్షన్లో సముద్రం

ఎనభైల చివర్లో నేను హనుమాన్ జంక్షన్ దగ్గర పనిచేస్తున్నాను. మామిడి సీజనులో జంక్షను సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. లోడు కోసం వచ్చిన లారీలు రోడ్డు వారన బారులు తీరి ఉండేవి. కోత ఆలస్యమైతే డ్రైవర్లకి పొద్దు పోదు. ఆ పొద్దు మీద కన్నేసినవాడు సాంబశివరావు. పెళ్ళిళ్ళకి మైకు సెట్లు అద్దెకిచ్చే మనిషి. మద్రాసు వెళ్ళి, ఎవరో వాడేసి మూలన పడేసిన వీడియో గేమ్ మిషను ఒకటి కొని తెచ్చి, టీకొట్టు పక్క గదిలో పెట్టాడు. బీరువా అంత పెట్టె, పైన గాజు, కింద అటూ ఇటూ తిప్పే ఒక పుల్ల, రెండు బొత్తాలు. రూపాయి బిళ్ళ వేస్తే గాజు వెనక నీలం సముద్రం వెలిగేది.

అది మన సముద్రం కాదు. ఆట మొదట్లో ఆకాశంలో రెండు చందమామలు కనబడేవి. ఆడేవాడికి ఒక చిన్న పడవ, దానికొక దీపం, ఒక తుపాకీ. నీళ్ళలోంచి రకరకాల జంతువులు వచ్చేవి. మిషను మీద రాసిందంతా ఏదో విదేశీ లిపి, ఎవరికీ రాదు. డ్రైవర్లు వాటికి పేర్లు పెట్టుకున్నారు. తెరుచుకుంటూ ముడుచుకుంటూ దిగేది గొడుగు. ఒళ్ళంతా చిల్లులతో బల్లపరుపుగా ఉండేది జల్లెడ. చివర్లో గాజంతా నిండిపోయి వచ్చేది పెద్దావిడ. పేర్లయితే పెట్టారుగానీ ఎక్కడ కొడితే ఏది చస్తుందో అంతుపట్టక, రెండు బిళ్ళలు పోగొట్టుకుని మిషన్ని ఒక తన్ను తన్ని పోయేవాళ్ళు.

ఒక సాయంత్రం నేను టీ తాగుతుంటే సాంబశివరావు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"డాక్టరుగారూ, మీరొకసారి చూసి వాటి సంగతేంటో చెప్పాలండీ."

"వేటి సంగతి?"

"మా జంతువులదండీ. మీరు పశువుల డాక్టరు కదా."

"బొమ్మలకి నేను డాక్టర్ని కాదయ్యా బాబూ."

"బొమ్మలైతే ఎందుకండీ ఒకదాన్నొకటి తింటన్నాయి?"

ఈ ప్రశ్న నన్ను పట్టేసింది. లోపలికెళ్ళి చూశాను. నిజమే, తింటున్నాయి.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు పని అయ్యాక ఆ గదిలో నిలబడ్డాను. చుట్ట నాకు అలవాటు లేదు, వక్కపొడి నములుతూ చూసేవాణ్ణి. పుల్ల ముట్టుకోలేదు. ఆడేవాళ్ళ భుజాల మీదుగా చూడటమే. కొన్నాళ్ళకి ఆ జంతువులు ఒక పద్ధతిలో బతుకుతున్నాయని అర్థమైంది. గొడుగుకి కళ్ళు లేవు. కానీ పడవ దీపం దాని ఒంటి మీద ఎక్కడ పడ్డా ముడుచుకుని కిందికి జారుతుంది. అంటే చర్మంతోనే వెలుతురు పోల్చుకుంటుంది. అది వదిలే బుడగలు మింగుతూ జల్లెడ దాని వెనకే తిరుగుతుంది, గేదె వెనక కొంగ తిరిగినట్టు. గొడుగులన్నీ పోతే జల్లెడలు ఎవరూ కొట్టకుండానే పాలిపోయి మాయమవుతాయి. అంటే వాటిని కొట్టడానికి గుళ్ళు తగలెయ్యడం శుద్ధ దండగ. పెద్దావిడని కొడితే రెండుగా చీలుతుంది. చచ్చిందని అందరూ చప్పట్లు కొడతారు. చావలేదు, ఈనింది. ఆ రెండు ముక్కలూ నాచులోకి పారిపోయి, మేసి, పెద్దవై తిరిగొస్తాయి. కడుపు నల్లబడి ఉన్నప్పుడు కొడితేనే చీలుతుంది. కడుపు తెల్లగా ఉన్నప్పుడు కొడితే ఒకోసారి ఒక్క దెబ్బకే పోతుంది, ఒకోసారి ఎంత కొట్టినా పోదు. ఎందుకో నాకు తెలియలేదు.

నేనివి చెబుతుంటే గదిలో పెద్ద సభే జరిగేది. ఒక లారీ డ్రైవరు అడిగాడు.

"గేదె పొట్టలో నాలుగు అరలుంటాయి కదండీ. దీనికి నాలుగు గుండెలు ఉండకూడదా?"

"ఉండొచ్చు. నేను కోసి చూడలేదుగా."

"మరి చెప్పండి, ఎక్కడ కొట్టమంటారు?"

"అదే తెలియదంటున్నాను."

సాంబశివరావుకి ఒక బోర్డు కావాలి. పెయింటరుని పిలిపించాడు. నేను చెబుతుంటే ఒక్కో జంతువు గురించీ రెండేసి ముక్కలు రాయించాడు. చివరికి పెద్దావిడ దగ్గర గొడవొచ్చింది.

"గుండె నడిమధ్య ఉందని రాయించండి డాక్టరుగారూ. జనం అక్కడే కొట్టుకుంటారు, మనకీ ఒక గొడవ వదులుద్ది."

"ఉందో లేదో నేను చూడలేదు."

"అసలు జంతువే లేదు కదండీ! లేనిదానికి చూసేదేంటండీ?"

"జంతువు లేకపోయినా దాని నడక ఉంది. ఆ నడక చూశాను, రాశాను. గుండె చూడలేదు, రాయను. కావాలంటే తెలియదని రాయించు."

"తెలియదని బోర్డు మీద ఎక్కిస్తే ఎవడాడతాడండీ?"

"అయితే నా మాటలన్నీ తుడిపించెయ్."

తుడిపించలేదు. ఎర్రరంగుతో చివరి వాక్యం వేయించాడు. 'గుండె ఎక్కడుందో తెలియదు.' దాని కింద 'పశువుల డాక్టరుగారు చెప్పినది' అని తనే చేర్పించాడు. నన్ను అడగలేదు. చూశాక నాకు కోపం రాలేదు సరికదా, కాస్త గర్వంగా కూడా ఉంది. ఇంకో విచిత్రం, ఆ ఎర్ర వాక్యం పడ్డాక జనం ఎక్కువయ్యారు. ఆ గుండేదో తామే కనిపెట్టాలని ప్రతివాడికీ పట్టుదల.

జీపు దిగని మనిషి

అప్పటి నా పైఅధికారి గురించి మెత్తగా రాయమని మా ఆవిడ చెప్పింది. ప్రయత్నిస్తాను. ఆయన జీపు దిగకుండా రోగం చెప్పగల మనిషి. తెలియదు అనే మాట ఆయన నోట నేను వినలేదు. రైతులకి మొదట్లో అలాంటి డాక్టరే నచ్చుతాడు, అది కూడా ఒప్పుకోవాలి. గట్టిగా చెబితే ధైర్యంగా ఉంటుంది.

ఒకరోజు జంక్షన్లో టీ కోసం ఆయన జీపు ఆగింది. బోర్డు కళ్ళపడింది. నన్ను పిలిపించారు.

"ఎవరయ్యా ఈ పశువుల డాక్టరు?"

"నేనేనండీ."

"గవర్నమెంటు నీకు జీతమిచ్చేది బొమ్మలకి పొట్టలూ పేగులూ రాయడానికా?"

"డ్యూటీ అయ్యాక చూసినవండీ."

"అది సరే. చివర్న తెలియదని వేరే రాశావు! డాక్టరన్నవాడు తెలియదని గోడకెక్కించుకుంటాడా? డిపార్టుమెంటు పరువు తీశావు."

లేని జంతువుల కంటే ఆయన్ని బాధపెట్టింది ఆ ఒక్క మాటే. బోర్డు తీయించమన్నారు. నేను సాంబశివరావుతో చెప్పాను.

"గోడ నాది, బోర్డు నాది. మీకేంటండీ సంబంధం? ఆయన్నొచ్చి నన్ను అడగమనండి" అన్నాడు.

ఆయన రాలేదు. కానీ ఏ ఊరెళ్ళినా ఆ కథ చెప్పి నవ్వించడం మొదలుపెట్టారు. మీ డాక్టరు బొమ్మలకి వైద్యం చేస్తున్నాడు, ఖాళీగా ఉన్నాడు, మీ గేదెల్ని ఎప్పుడు చూస్తాడో కనుక్కోండి అని. నాలుగు ఊళ్ళు తిరిగాక ఆ కథకి కాళ్ళూ చేతులూ మొలిచాయి. నేను జనం ముందు నవ్వేసి ఊరుకునేవాణ్ణి. లోపల మాత్రం మండిపోయేది.

గొంతువాపు

తొలకరి పడగానే గేదెలకి గొంతువాపు వస్తుంది. పొద్దున మేసిన గేదె మధ్యాహ్నానికి గొంతు కింద వాచి, గురక పెట్టి, చీకటి పడేసరికి పోతుంది. వచ్చాక చేయగలిగింది తక్కువ. రాకముందే టీకా వెయ్యాలి. ఆ ఏడు బాపులపాడు దగ్గర ఒక ఊళ్ళో రెండు గేదెలు వరసగా పోయాయని తెలిసి, ఐసు ఫ్లాస్కులో టీకా మందు పెట్టుకుని వెళ్ళాను.

రచ్చబండ దగ్గర జనం ఉన్నారుగానీ ఒక్క గేదెనీ తోలుకురాలేదు. ఊరి పెద్దరైతు సుబ్బారావుగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. మామిడి తోటలు, వరి చేలు, కొట్టం నిండా గొడ్లు ఉన్న మనిషి.

"రండి డాక్టరుగారూ. లేని జంతువులకి నోళ్ళూ పొట్టలూ పెట్టారంట కదా. ఇవాళ మా గేదెలకి లేని రోగం పెట్టడానికొచ్చారా ఏంటి?"

జనం గొల్లున నవ్వారు. నేను సిరంజి పెట్టె మూత కూడా తీయలేదు.

"ఉన్న రోగమేనండీ. రెండు గేదెలు పోయాయి కదా."

"అవి ముసలివి, పోయే కాలమొచ్చి పోయాయి. మా అసలు బాధ వేరే. పోయినసారి జీపులో తిరిగే మీ పెద్దాయనొచ్చి సూదులేయించాడు. చూడిగేదెలున్నాయండీ అంటే, ఏం కాదు, పూచీ నాదన్నాడు. మా గేదెకి కడుపు పోయింది. పూచీ ఎక్కడికి పోయిందో మరి!"

అదీ సంగతి. నవ్వు వెనక ఉన్నది ఆ భయం. అది ఉత్త భయమని కొట్టిపారేయడానికి లేదు.

అప్పుడు జనంలోంచి సామ్రాజ్యం ముందుకొచ్చింది. ఈమెని నేను ఎరుగుదును. రోజూ జంక్షన్లో టీకొట్టుకి పాలు పోసే మనిషి. భర్త మంచాన ఉన్నాడు, పిల్లలు చిన్నవాళ్ళు. రెండు గేదెలే ఇంటికి ఆధారం. ఒకటి వట్టిపోవడానికి సిద్ధంగా ఉంది, రెండోది నెలలు నిండుతున్న చూడి. అది ఈనితేనే మళ్ళీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

"డాక్టరుగారూ, నా చూడిగేదెకి సూదేస్తే దూడ నిలబడుద్దా?"

అందరూ నా మొహం చూస్తున్నారు. ఏం కాదమ్మా అంటే అయిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఊరంతా గేదెల్ని తోలుకొచ్చేవాళ్ళేమో, వందల ప్రాణాలు దక్కేవేమో.

"తెలియదమ్మా" అన్నాను. "నేను చూసింది చెబుతాను. సూదేశాక ఒకటి రెండు రోజులు జ్వరం వస్తుంది. చాలా గేదెలకి కడుపు నిలబడింది. కొన్నిటికి పోయింది. నీ గేదె ఎందులో ఉంటుందో నాకు తెలియదు. వెయ్యకుండా గొంతువాపు వస్తే మాత్రం తల్లీ ఉండదు, పిల్లా ఉండదు. అది నేను చాలాసార్లు చూశాను."

"డాక్టరుకే తెలియదంట్రోయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు.

సామ్రాజ్యం వెనక్కి తిరిగింది. ఆమెది పాలు అమ్మే గొంతు, ఊరి చివరిదాకా వినపడింది.

"ఎందుకు నవ్వుతారు? ఆ బోర్డు సంగతి మీరు విన్నారు, నేను రోజూ చదివాను. ఆడుకునే బొమ్మకి గుండె ఎక్కడుందో తెలియకపోతే తెలియదని రాయించాడీయన. బొమ్మ దగ్గరే అబద్ధమాడనోడు నా గేదె దగ్గర ఆడతాడా?"

ఆమె వెళ్ళి చూడిగేదెని తనే తోలుకొచ్చి నా ముందు నిలబెట్టింది. తాడు గట్టిగా పట్టుకుంది. సూది వేశాను.

ఆమె వెనక కొందరు తోలుకొచ్చారు, అందరూ కాదు. సుబ్బారావుగారు మంచం దిగలేదు. తర్వాతి వారం ఆయన కొట్టంలో ఒక గేదె పోయింది. అప్పుడు కబురు పెట్టారు. వెళ్ళి మిగతావాటికి వేసొచ్చాను. ఆయన మజ్జిగ ఇప్పించారు, నేను తాగాను. ఇద్దరం పాత మాట ఎత్తలేదు.

తపేలా

ఊరికి టీకా వేసినందుకు నాకు నిద్ర పట్టాలి. పట్టలేదు. సామ్రాజ్యం గేదె కడుపు పోతే ఆ ఇల్లు ఏమవుతుంది? రోజూ టీకొట్టు దగ్గర ఆమె పాల బిందె కోసం చూసేవాణ్ణి. కొన్నాళ్ళకి పాలు సగమయ్యాయి. ఆ తర్వాత ఆమె రావడమే మానేసింది. గేదె వట్టిపోయింది కాబట్టి రాదు, అది మామూలే. అయినా ఇంకేమైనా జరిగిందేమోనని భయం. వెళ్ళి అడగడానికి ధైర్యం చాలలేదు. ఎవరైనా ఆ ఊరి మనిషి కనబడితే పలకరించకుండా తప్పుకునేవాణ్ణి.

ఈలోగా మామిడి సీజను అయిపోయింది, లారీలు పోయాయి. సాంబశివరావు మిషన్ని వేరే ఊరి ఎగ్జిబిషనుకి తరలించాడు. గదిలో మళ్ళీ మైకు సెట్లు చేరాయి. బోర్డు మాత్రం గోడకే ఉండిపోయింది.

ఒక పొద్దున ఆసుపత్రి తలుపు తీస్తుంటే మెట్ల మీద సామ్రాజ్యం కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ కట్టిన తపేలా. మూత తీయకముందే మిరియాలూ బెల్లం వాసన వచ్చింది. జున్ను. దూడ దక్కని ఇంట్లోంచి జున్ను బయటికి రాదు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

"పెయ్యదూడండీ" అంది.

"నిలబడిందన్నమాట. ఎంత భయపడ్డానో నీకు తెలియదమ్మా."

"నేను భయపళ్ళేదా ఏంటి?" అని నవ్వింది. "మరి ఆ పెద్దావిడ గుండె ఎక్కడుందో తెలిసిందాండీ?"

"లేదు. మిషన్నే తీసుకుపోయారు."

"పోనీండి. తెలియదనే ఉంచండి, నాకదే మేలు చేసింది. మీరు తెలియదన్నారని కొట్టంలోనే పక్కేసుకున్నానండీ. రోజూ దాన్ని కనిపెట్టుకునే ఉన్నాను. ఈనేటప్పుడు వెనక కాళ్ళు ముందొచ్చాయి. మా మరిదిని కేకేసి ఇద్దరం లాగాం. మీరు ఏం కాదని చెప్పుంటే ఇంట్లో హాయిగా పడుకునేదాన్ని. పొద్దున్న లేచి చూస్తే ఏముండేది?"

పెద్ద డాక్టరుగారు కూడా ఇంతదాకా చెప్పలేదు. ఇంటికి తీసుకెళ్ళి అందరం తినాలని జున్ను తెచ్చిందామె. నేను ఆ మెట్ల మీదే కూర్చుని, ఆమె చూస్తుండగా సగం తినేశాను.